రాణిగారు పొరుగు గుమ్మం తొక్కడానికి వందేళ్ళు: 2011 ఐర్లాండ్ పర్యటనపై తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్ నుంచి డబ్లిన్‌కు విమానంలో గంట పైచిలుకు ప్రయాణం. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్ళేంత దూరం కూడా ఉండదు. 1952లో సింహాసనమెక్కిన రెండవ ఎలిజబెత్ రాణి వందకు పైగా దేశాలు తిరిగారు. మన హైదరాబాద్‌కూ వచ్చివెళ్ళారు. ఈ ఒక్క పొరుగుదేశానికి వెళ్ళడానికి మాత్రం ఆమెకు 59 ఏళ్ళు పట్టింది. చివరికి 2011 మే 17న వెళ్ళి, 20 దాకా నాలుగు రోజులు ఉన్నారు. ఆ నాలుగు రోజుల గురించి సాధారణంగా వచ్చే సందేహాలకు జవాబులు ఇవి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కొన్నింటికి పాత కథ ఎత్తుకోక తప్పదు.

స్టేట్ విజిట్ అంటే ఏమిటి? మామూలు పర్యటనకూ దీనికీ తేడా ఏమిటి?

ఒక దేశాధినేత మరో దేశాధినేత ఆహ్వానం మీద పూర్తి లాంఛనాలతో వెళ్ళేది స్టేట్ విజిట్. 21 తుపాకుల వందనం, సైనిక గౌరవ వందనం, రెండు దేశాల జాతీయగీతాలు, అమరుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం, రాత్రికి పెద్ద విందు, ఆ విందులో ఇద్దరి ప్రసంగాలు. వరస ఎక్కడైనా దాదాపు ఇదే. ప్రధానమంత్రులు పని మీద వచ్చి చర్చలు జరిపి వెళ్ళిపోతారు, దాన్ని స్టేట్ విజిట్ అనరు.

పైకి చూస్తే అంతా తంతులాగే ఉంటుంది. రెండు దేశాల మధ్య పాత నెత్తురు ఉన్నప్పుడు ఆ తంతులోని ప్రతి అడుగుకూ అర్థం వస్తుంది. ఏ స్మారకం దగ్గర తల వంచారు, ఏ రంగు బట్టలు వేసుకున్నారు, మొదటి మాట ఏ భాషలో అన్నారు, అన్నీ లెక్కలోకి వస్తాయి.

రాణి తనకు తానుగా అనుకుని వెళ్ళిపోవచ్చా?

కుదరదు. బ్రిటన్‌లో రాజు గానీ రాణి గానీ విదేశాలకు అధికారికంగా వెళ్ళేది ప్రభుత్వం సలహా మీదే. ఐర్లాండ్ వైపు ఆహ్వానించింది అధ్యక్షురాలు మేరీ మెకలీస్. ఆమె వెనక ఐరిష్ ప్రభుత్వం ఉంది. అక్కడ ప్రధానిని టీషక్ అంటారు. అప్పటి టీషక్ ఎండా కెన్నీ. బ్రిటన్ విదేశాంగ మంత్రి విలియం హేగ్ రాణి వెంట వచ్చారు. ప్రధాని డేవిడ్ కామెరాన్ రెండో రోజు రాత్రి విందుకు వచ్చారు.

మెకలీస్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పుట్టి పెరిగింది బ్రిటిష్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో. అక్కడి గొడవలు పుస్తకాల్లో చదివినామె కాదు. 1997లో అధ్యక్షురాలైనప్పుడే వంతెనలు కడతానని చెప్పారు. 2011 ఆమె పదవిలో ఆఖరి ఏడాది.

'వందేళ్ళ తర్వాత మొదటిసారి' అంటారు కదా, ఆ ముందు వచ్చింది ఎవరు?

రాణి తాతగారు, ఐదవ జార్జ్, 1911 జులైలో. అయితే అది స్టేట్ విజిట్ కాదు. అప్పటికి ఐర్లాండ్ వేరే దేశమే కాదు, బ్రిటన్‌లో భాగం. ఆయన తన రాజ్యంలోని ఒక ఊరికి వెళ్ళినట్టే డబ్లిన్ వెళ్ళారు. కాబట్టి 2011 నాటిది వందేళ్ళలో మొదటి రాక మాత్రమే కాదు, స్వతంత్ర ఐర్లాండ్‌కు ఒక బ్రిటిష్ రాజ్యాధినేత జరిపిన మొట్టమొదటి స్టేట్ విజిట్ కూడా.

అదే జార్జ్ అదే ఏడాది డిసెంబరులో మన దేశం వచ్చి ఢిల్లీ దర్బారు జరిపారు. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నామని ప్రకటించింది ఆ దర్బారులోనే.

అంత పక్కనే ఉండి ఇన్నేళ్ళు ఎందుకు వెళ్ళలేదు?

దాయాదుల గొడవల్లో చూస్తుంటాం. పొలం పంచుకున్నాక గట్టు దగ్గర తగాదా మొదలై, ఒకరి గుమ్మం ఒకరు తొక్కకుండా రెండు తరాలు గడిచిపోతాయి. ఇక్కడ జరిగిందీ అలాంటిదే, కాకపోతే ప్రాణాలు పోయాయి.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచివేశాక బ్రిటిష్ ప్రభుత్వం 16 మందికి మరణశిక్ష అమలు చేసింది. అప్పటిదాకా తిరుగుబాటుదారులను విసుక్కున్న జనమే ఆ శిక్షల తర్వాత వాళ్ళ వైపు తిరిగారు. 1919 నుంచి 1921 దాకా స్వాతంత్ర్య యుద్ధం నడిచింది. 1921లో దేశం రెండు ముక్కలైంది. ఆ డిసెంబరు ఒప్పందంతో 26 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) స్వతంత్ర దేశం దిశగా వెళ్ళాయి, ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. 1949లో దక్షిణ భాగం పూర్తి గణతంత్రమై, కామన్వెల్త్ నుంచి కూడా బయటికి వచ్చేసింది. మనం గణతంత్రమైనా కామన్వెల్త్‌లో ఉండిపోయాం, వాళ్ళు ఉండలేదు.

1960ల చివర్లో ఉత్తర ఐర్లాండ్‌లో హింస మొదలైంది. అక్కడివాళ్ళు దాన్ని 'ట్రబుల్స్' అనే చిన్న మాటతో సరిపెడతారు గానీ, ముప్ఫై ఏళ్ళలో 3,500 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్‌ను వెళ్ళగొట్టి ఐర్లాండ్‌ను ఒకటి చేయాలనే సాయుధ సంస్థ ఐఆర్‌ఏ, బ్రిటన్‌తోనే ఉండాలనే లాయలిస్ట్ సాయుధ ముఠాలు, బ్రిటిష్ సైన్యం, మూడు వైపులా తుపాకులే. అలాంటి రోజుల్లో డబ్లిన్‌కు రాణి రావడం ఎవరి ఊహలోనూ లేదు. పైగా ఉత్తర భాగం కూడా తమదేనని ఐరిష్ రాజ్యాంగం చెప్పేది. ఒకరి భూమి మీద మరొకరు హక్కు చెప్పుకుంటుండగా విందుకు ఎలా పిలుస్తారు?

మరి 2011లో ఎలా కుదిరింది?

ఒక్కరోజులో కుదరలేదు. 1993లో అప్పటి ఐరిష్ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ బకింగ్‌హాం ప్యాలెస్‌కు వెళ్ళి రాణిని కలిశారు. ఐరిష్ అధ్యక్షులెవరైనా బ్రిటిష్ రాణిని కలవడం అదే మొదలు. 1995లో ఛార్లెస్ యువరాజు డబ్లిన్ వచ్చివెళ్ళారు. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఐర్లాండ్ తన రాజ్యాంగంలోని ఆ హక్కు మాటను మార్చుకుంది. ప్రజల సమ్మతి లేనిదే ఉత్తర ఐర్లాండ్ హోదా మారదని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. ఆ నవంబరులోనే బెల్జియంలోని మెసీన్స్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఐరిష్ సైనికుల స్మారకం దగ్గర రాణీ, మెకలీస్ పక్కపక్కన నిలబడ్డారు. తమ ఇళ్ళలో కలవలేనివాళ్ళు మూడో ఊళ్ళో పెళ్ళిలో ఎదురుపడి పలకరించుకుంటారే, అలాగన్నమాట.

2010లో మరో రెండు అడ్డంకులు తొలగాయి. పోలీసు, న్యాయ శాఖలు లండన్ చేతిలోంచి ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1972లో డెర్రీ నగరంలో సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరిపిన ఘటనపై నివేదిక బయటికొచ్చింది, దాని మీద కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత ఇక పిలవకపోవడానికి కారణం మిగల్లేదు.

మౌంట్‌బాటన్‌ను చంపింది ఐర్లాండ్‌లోనేనా? మన మౌంట్‌బాటనేనా ఆయన?

ఆయనే, మన ఆఖరి వైస్రాయ్. 1979 ఆగస్టు 27న స్లైగో కౌంటీలోని ముల్లామోర్ తీరంలో ఐఆర్‌ఏ ఆయన పడవలో బాంబు పెట్టి పేల్చింది. ఆయన రాణి భర్త ఫిలిప్‌కు మేనమామ. కాబట్టి రాణి కుటుంబానికి కూడా ఈ నేల మీద సొంత దుఃఖం ఉంది. 2011 విందులో ఆమె ఈ గొడవలు ఎందరినో వ్యక్తిగతంగా తాకాయని అన్నప్పుడు, ఆ ఎందరిలో తానూ ఉన్నానని అక్కడున్న అందరికీ తెలుసు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. 2015లో ఛార్లెస్ స్వయంగా ముల్లామోర్ వెళ్ళారు.

విమానం దిగిన చోటు మీద కూడా చర్చ జరిగిందట, నిజమా?

నిజమే. ఆమె దిగింది డబ్లిన్ శివార్లలోని సైనిక విమానాశ్రయం, కేస్‌మెంట్ ఏరోడ్రోమ్‌లో. రోజర్ కేస్‌మెంట్ బ్రిటిష్ దౌత్యాధికారి. కాంగోలో, పెరూలో రబ్బరు కోసం స్థానికులను పెట్టిన హింసను బయటపెట్టి 1911లో 'సర్' బిరుదు పొందాడు. అంటే రాణి తాతగారి హయాంలోనే. తర్వాత ఐరిష్ తిరుగుబాటు కోసం జర్మనీ నుంచి ఆయుధాలు తెప్పించబోయి దొరికిపోయాడు. బిరుదు పీకేశారు, 1916 ఆగస్టు 3న లండన్‌లో రాజద్రోహ నేరం కింద ఉరితీశారు. ఆ తాతగారి మనవరాలు ఆ ఉరిపడ్డ మనిషి పేరున్న నేల మీద మొదటి అడుగు పెట్టింది. కావాలని ఎంచినా, సైనిక విమానాశ్రయం కాబట్టి అలా కుదిరినా, ఐరిష్‌వాళ్ళు మాత్రం గమనించకుండా ఉండలేదు.

ఇక బట్టలు. విమానం తలుపు తెరుచుకోగానే కనిపించింది పచ్చ కోటు, పచ్చ టోపీ. ఐర్లాండ్ రంగు పచ్చ. నాలుగు రోజుల్లో ఆమె నోటి నుంచి పెద్దగా మాటలు రాకముందే ఆ పచ్చరంగు సగం పని చేసేసింది.

గార్డెన్ ఆఫ్ రిమెంబ్రెన్స్‌లో అసలు ఏం జరిగింది?

ఈ పర్యటనలో ఒక్క దృశ్యమే చూస్తానంటే ఇదే చూడమంటాను.

డబ్లిన్ నడిబొడ్డున పార్నెల్ స్క్వేర్‌లో ఉన్న తోట ఇది. ఐరిష్ స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళందరి జ్ఞాపకార్థం, ఈస్టర్ తిరుగుబాటు జరిగి యాభై ఏళ్ళైన సందర్భంగా 1966లో తెరిచారు. ఇందులో తలుచుకునే వీరులు ఎవరితో పోరాడి చనిపోయారు? ఈ రాణి తాతముత్తాతల సైన్యంతోనే. వాళ్ళను అప్పట్లో లండన్ రాజద్రోహులంది.

మొదటి రోజు మధ్యాహ్నం, మెకలీస్ పక్కన ఉండగా, రాణి అక్కడ పుష్పగుచ్ఛం ఉంచి వెనక్కి జరిగి తల వంచారు. నిశ్శబ్దం. 85 ఏళ్ళ ముసలావిడ, ఎవరి ముందూ తల వంచనక్కర్లేని హోదా. ప్రసంగం లేదు, వివరణ లేదు. ఐర్లాండ్‌లో ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్న చాలామంది అప్పటిదాకా ఈ పర్యటనను పట్టించుకోనివాళ్ళే, అక్కడ ఆగిపోయారు. చనిపోయినవాళ్ళను శత్రుపక్షం సైనికులుగా కాదు, ఒక దేశపు అమరులుగా ఒప్పుకోవడం అది. ఆ మాట నోటితో చెప్పి ఉంటే అంతగా ఎక్కేది కాదని నా అభిప్రాయం.

ఆ రోజుకు ఇంకో బరువు కూడా ఉంది. 1974లో సరిగ్గా మే 17నే డబ్లిన్, మొనహన్ పట్టణాల్లో లాయలిస్టులు పెట్టిన కారు బాంబులకు 33 మంది బలయ్యారు.

మర్నాడు ఐలండ్‌బ్రిడ్జ్ స్మారకానికి ఎందుకు వెళ్ళారు?

అది నాణేనికి రెండో వైపు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి చనిపోయిన 49,400 మంది ఐరిష్ సైనికుల స్మారకవనం అది. స్వతంత్ర ఐర్లాండ్ వీళ్ళను చాలాకాలం మర్చిపోవడానికే ఇష్టపడింది. బ్రిటిష్ యూనిఫాం వేసుకుని చచ్చిపోయినవాడిని ఇంట్లో తలుచుకోవడమే తప్ప వీధిలో తలుచుకోలేని పరిస్థితి. మొదటి రోజు రాణి వాళ్ళ అమరుల దగ్గర తల వంచారు, రెండో రోజు ఐర్లాండ్ తాను మరిచిన పిల్లల దగ్గర ఆమెతో పాటు నిలబడింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టినవాళ్ళు ఎవరో గానీ కార్యక్రమం రాయడం తెలిసినవాళ్ళు.

ఈ తోటకు రూపం గీసింది ఎడ్విన్ లట్యెన్స్. కొత్త ఢిల్లీని కట్టిన లట్యెన్సే. నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ గీసిందీ ఆయనే.

క్రోక్ పార్క్ ఆటస్థలమే కదా, దానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

1920 నవంబరు 21, ఆదివారం. ఆ ఉదయం ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారి అధికారులను ఇళ్ళకు వెళ్ళి కాల్చి చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య గేలిక్ ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. బ్రిటిష్ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. అందులో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఇప్పటికీ ఆ స్టేడియంలో ఒక స్టాండ్ అతని పేరు మీదే ఉంది.

జలియన్‌వాలా బాగ్‌కు ఏడాదిన్నర తర్వాత జరిగింది ఇది. అలాంటి చోటికి రాణిని మైదానం గడ్డి దాకా తీసుకెళ్ళారు.

ఇంకో సంగతి. ఈ మైదానం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ది. 1884లో ఐరిష్ ఆటలను కాపాడుకోవడానికి పెట్టిన సంస్థ అది. ఇంగ్లీషు ఆటలకు ఇక్కడ చోటు లేదని వాళ్ళ నిబంధన. బ్రిటిష్ భద్రతా దళాల్లో ఉన్నవాళ్ళకు 2001 దాకా సభ్యత్వమే ఇచ్చేవారు కాదు. 2005లో నిబంధన సడలించారు. 2007 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ రగ్బీ జట్టు అక్కడ ఆడినప్పుడు బ్రిటిష్ జాతీయగీతం వినిపిస్తే ఏం జరుగుతుందోనని దేశమంతా టెన్షన్. ఏం జరగలేదు, ప్రేక్షకులు మర్యాదగా నిలబడ్డారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌ను 43-13తో చిత్తుగా ఓడించారు కూడా. రాణి రాకకు దారి వేసినవాటిలో ఆ ఆటనూ లెక్కేస్తాను.

రాణి ఐరిష్ భాషలో మాట్లాడారా?

అయిదు మాటలు. మే 18 రాత్రి డబ్లిన్ కాజిల్‌లో విందు. శతాబ్దాల పాటు ఐర్లాండ్‌పై బ్రిటిష్ పాలన నడిచింది ఈ కోట నుంచే. ఆమె లేచి, 'అ ఊఖ్‌తరాన్, అగస్ అ ఖార్‌జె' అంటూ మొదలుపెట్టారు. 'అధ్యక్షురాలా, మిత్రులారా' అని అర్థం. పక్కన కూర్చున్న మెకలీస్ ఆశ్చర్యంతో బల్లకు అటూ ఇటూ తిరిగి 'వావ్' అనడం కెమెరాలకు చిక్కింది. చప్పట్లు మోగిపోయాయి.

మన దగ్గర కూడా బయటి నాయకుడు ఎవరైనా సభలో 'సోదర సోదరీమణులారా' అని తెలుగులో అనగానే ఈలలు పడతాయి. ఉచ్చారణ తప్పినా పట్టించుకోం. ఇక్కడ బరువు ఇంకా ఎక్కువ. బ్రిటిష్ పాలనలోనే చాలావరకు మూలబడిన భాష అది.

ఆ రాత్రి ఆమె వేసుకున్న తెల్లని గౌను మీద చేత్తో కుట్టిన షామ్‌రాక్ ఆకులు రెండు వేలకు పైనే. షామ్‌రాక్ ఐర్లాండ్ గుర్తు, మూడాకుల మొక్క. భుజం దగ్గర ఐరిష్ వీణ ఆకారపు బ్రోచ్.

ఇంతకీ క్షమాపణ చెప్పారా లేదా?

'సారీ' అనే మాట రాలేదు. ఆమె అన్నదాని సారాంశం ఇది: చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, కొన్ని పనులు వేరేలా చేసి ఉంటే బాగుండేదనీ, కొన్ని అసలు చేయకుండా ఉంటే బాగుండేదనీ మనందరికీ అనిపిస్తుంది. మన కల్లోల గతం వల్ల బాధపడ్డవాళ్ళందరికీ నా హృదయపూర్వక సానుభూతి. గతానికి తల వంచగలగాలి, దానికి కట్టుబడిపోకూడదని కూడా అన్నారు.

దీన్ని క్షమాపణ అనాలా వద్దా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 'మనందరికీ' అనడంలో బాధ్యతను పంచేశారని విమర్శకులు అంటారు. రాజ్యాంగం ప్రకారం రాణి ప్రభుత్వం ఒప్పుకున్న మాటలే మాట్లాడాలి కాబట్టి అంతకు మించి అనలేరని సమర్థకులు అంటారు. రెండూ నిజమే.

మనకు ఇక్కడ 1997 గుర్తురావాలి. ఆ అక్టోబరులో రాణి మన దేశం వచ్చి, జలియన్‌వాలా బాగ్‌ను కష్టమైన ఘట్టమని విందులో ప్రస్తావించారు. చరిత్రను తిరగరాయలేమన్నారు. అమృత్‌సర్ వెళ్ళి పుష్పగుచ్ఛం ఉంచారు. మాటలు చూస్తే డబ్లిన్ మాటలకు పెద్ద తేడా లేదు. అయినా అక్కడ గుండెల్ని తాకింది, ఇక్కడ చాలామందికి సరిపోలేదు. అమృత్‌సర్‌లో మృతుల సంఖ్య ఎక్కువ చెబుతున్నారని ఫిలిప్ చేసిన వ్యాఖ్య ఆ యాత్రనే పాడుచేసింది. డబ్లిన్‌లో అలాంటి చిన్న తప్పు కూడా దొర్లలేదు. పైగా అక్కడ పదమూడేళ్ళ శాంతి ఒప్పందం వెనక ఉంది, రెండు దేశాలూ కూర్చుని చేసుకున్న పని ఉంది. ఇక్కడ పుష్పగుచ్ఛం ఒంటరిగా వచ్చింది.

గిన్నిస్ బీరు తాగారా?

లేదు. గిన్నిస్ స్టోర్‌హౌస్ పై అంతస్తులో గ్లాసు పద్ధతిగా నింపి ముందు పెట్టారు. ఆమె చూసి ఊరుకున్నారు. ఫిలిప్ మాత్రం ఆ గ్లాసు వైపు ఆశగా చూశారు.

మిగతా సమయమంతా ఎక్కడ గడిపారు?

ట్రినిటీ కాలేజీలో పన్నెండు వందల ఏళ్ళ నాటి బుక్ ఆఫ్ కెల్స్ అనే చేతిరాత గ్రంథం చూశారు. ఆ కాలేజీని 1592లో స్థాపించింది మొదటి ఎలిజబెత్. ఫీనిక్స్ పార్క్‌లోని అధ్యక్ష భవనంలో, అంటే ఒకప్పటి వైస్రాయ్ బంగళాలో, ఓక్ మొక్క నాటారు. మూడో రోజు కిల్డేర్‌లో గుర్రాల పెంపకశాలలు. గుర్రాలంటే ఆమెకు ప్రాణం, ఐర్లాండ్ మేలుజాతి గుర్రాలకు పేరు. అది మాత్రం తంతు కాదు, సొంత సరదా.

కార్క్ చేపల మార్కెట్ ఫోటో ఎందుకు అంత ప్రసిద్ధి?

ఆఖరి రోజు కార్క్ నగరానికి వెళ్ళారు. కార్క్‌ది తిరుగుబాటు కౌంటీగా పేరు. 1920 డిసెంబరులో బ్రిటిష్ బలగాలు ఆ ఊరి నడిబొడ్డును తగలబెట్టాయి. అక్కడ ఇంగ్లీష్ మార్కెట్ అని 1788 నాటి బజారు ఉంది. ఒక చేపల దుకాణం దగ్గర ఆగితే, ఆ దుకాణదారు భయంకరమైన మొహంతో ఉన్న మాంక్‌ఫిష్‌ను చూపించి, దీన్ని మేము అత్తగారి చేప అంటామని చెప్పాడు. రాణి పగలబడి నవ్వారు. అక్కడ తీసిన ఫోటో మర్నాడు పేపర్లన్నింటిలో వచ్చింది.

అత్తల మీద జోకులు మనకు కొత్తేమీ కాదు, అయితే మన జోకుల్లో అత్త కోడలి కథ ఎక్కువ, అక్కడ అల్లుడు అత్తగారి కథ. ఏదైతేనేం, నాలుగు రోజులుగా దేశమంతా బిగబట్టుకున్న ఊపిరి ఆ దుకాణం ముందు వదిలింది. బయటికొచ్చాక రాణి అనుకున్న కార్యక్రమంలో లేకున్నా వీధిలో పిల్లల దగ్గరికి నడిచి వెళ్ళారు. అప్పటిదాకా డబ్లిన్‌లో బారికేడ్ల వల్ల జనం ఆమెను దగ్గరగా చూసిందే లేదు.

అందరూ స్వాగతించారా?

లేదు. ఐర్లాండ్ చరిత్రలోనే అతిపెద్ద భద్రతా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. వేలమంది గార్డా పోలీసులు, సైనికులు. రాకకు ముందు రాత్రి డబ్లిన్ దగ్గర మైనూత్‌లో ఒక బస్సులో బాంబు దొరికితే నిర్వీర్యం చేశారు. ఐర్లాండ్ అంతా ఒకటి కావాలనే చిన్న చిన్న రిపబ్లికన్ గుంపులు నిరసనలు చేశాయి, నల్ల బెలూన్లు ఎగరేశాయి. మూసిన వీధుల వల్ల వ్యాపారం పోయిందని గొణిగినవాళ్ళూ ఉన్నారు. అప్పటికి ఆరు నెలల కిందటే దేశం అప్పులపాలై యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల దగ్గర చేయి చాచింది. బ్రిటన్ కూడా విడిగా అప్పు ఇచ్చింది. అలాంటప్పుడు ఈ ఆర్భాటం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పైగా వారం తిరక్కుండానే, మే 23న, ఒబామా కూడా వచ్చారు.

షిన్ ఫెయిన్ పార్టీ ఏం చేసింది?

ఐఆర్‌ఏకు రాజకీయ ముఖంగా పేరుపడ్డ ఆ పార్టీ ఈ పర్యటన తొందరపాటని చెప్పి దూరంగా ఉంది. ఒక్కరు తప్ప. టిప్పరరీలోని క్యాషెల్ పట్టణ మేయర్ మైకేల్ బ్రౌన్ షిన్ ఫెయిన్ మనిషే. రాణి ఆ ఊరి కొండ మీది పురాతన కట్టడాలు చూడటానికి వచ్చినప్పుడు పార్టీ మాట కాదని చేయి కలిపి, క్యాషెల్‌కు స్వాగతం అన్నారు. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మర్నెల చనిపోయారు.

ఏడాది తిరిగాక, 2012 జూన్ 27న, ఒకప్పటి ఐఆర్‌ఏ కమాండర్ మార్టిన్ మెక్‌గిన్నిస్ బెల్‌ఫాస్ట్‌లో రాణితో చేయి కలిపారు. పెద్దలు చేసే పని ఆ చిన్న ఊరి మేయర్ ముందే చేశాడు.

ఐర్లాండ్ అధ్యక్షుడు తిరిగి లండన్ వెళ్ళారా?

వెళ్ళారు. 2014 ఏప్రిల్ 8 నుంచి 11 దాకా మైకేల్ డి. హిగ్గిన్స్ బ్రిటన్‌లో స్టేట్ విజిట్ చేశారు. ఐరిష్ అధ్యక్షుల్లో ఆయనే మొదటివారు. విండ్సర్ కోటలో బస. అక్కడి విందుకు మెక్‌గిన్నిస్ కూడా లాంఛనపు దుస్తులు వేసుకుని వచ్చారు. తర్వాత బ్రెగ్జిట్ వచ్చి సరిహద్దు తగాదాను మళ్ళీ కెలికింది గానీ, గుమ్మం తొక్కకపోవడమనే రోజులు మళ్ళీ రాలేదు.

మనకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్ళకు వెంటనే తడుతుంది: ఆదేశిక సూత్రాలు ఎక్కడి నుంచి తీసుకున్నాం? ఐర్లాండ్ రాజ్యాంగం నుంచి. హోంరూల్ అన్న మాటా అక్కడిదే. దాన్ని ఇక్కడ ఎత్తుకున్న అనీబిసెంట్‌కు ఐరిష్ మూలాలున్నాయి, మదనపల్లె కాలేజీ ఆమె పెట్టిందే.

ఐరిష్‌వాళ్ళందరూ సామ్రాజ్యానికి ఎదురుతిరిగారనుకుంటే పొరపాటు. జలియన్‌వాలా బాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ పుట్టింది టిప్పరరీలో, రాణి చూసిన క్యాషెల్ ఉన్న కౌంటీలోనే. మరోవైపు 1920లో జలంధర్‌లో కనాట్ రేంజర్స్ పటాలంలోని ఐరిష్ సైనికులు తమ దేశంలో జరుగుతున్న దౌర్జన్యాలకు నిరసనగా ఆయుధాలు దించేశారు. అది సోలన్‌కూ పాకింది. అక్కడ ముందు నిలబడ్డ జేమ్స్ డాలీ అనే కుర్రవాణ్ణి డగ్‌షాయ్‌లో కాల్చి చంపారు.

ఇక రాణి సంగతి. 1947లో ఆమె పెళ్ళికి నిజాం వజ్రాల నెక్లెస్ పంపారు. 1983 నవంబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు, తమ 36వ పెళ్ళిరోజున ఫిలిప్‌తో కలిసి బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి వెళ్ళారు. డబ్లిన్ కంటే 28 ఏళ్ళ ముందే బొల్లారం చూశారన్నమాట.

డబ్లిన్‌లో విక్టోరియా రాణి విగ్రహం ఉండేదట, ఏమైంది?

ఐరిష్ పార్లమెంటు ఉన్న లెన్‌స్టర్ హౌస్ ముందే ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పాతికేళ్ళు అక్కడే కూర్చుంది, సభ్యులు రోజూ ఆమెను దాటుకుంటూ లోపలికి వెళ్ళేవారు. 1948లో తీసేసి మూలన పడేశారు. 1980ల్లో ఆస్ట్రేలియావాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అడిగితే ఇచ్చేశారు. ఇప్పుడు సిడ్నీలో ఒక షాపింగ్ భవనం ముందు ఉంది. 2011 మే 18న విక్టోరియా మునిమనవడి కూతురు ఎలిజబెత్ టీషక్‌ను కలవడానికి ప్రభుత్వ భవనాలకు వచ్చినప్పుడు, ఆ విగ్రహం లేచిపోయిన చోటు లెన్‌స్టర్ హౌస్‌కు అవతలి వైపున, కార్లు పెట్టుకునే జాగాగా ఉంది.